ఊపిరి మూటలు
(థాంలువాంగు గుహాయాత్ర)

పూర్వము మన పెద్దలు సయామని పిలిచిన థాయిలాండు దేశమున, ఉత్తరపు కొసను, బర్మా సరిహద్దు చెంత మేసాయి అను చిన్న పట్టణము కలదు. చియాంగ్‌రాయి నగరమునుండి సుమారు 60 కిలోమీటర్లు మోటారులో పోయినచో దానిని చేరవచ్చును. దారి పొడవునను వరిచేలే. గోదావరి సీమలో పుట్టిన మాకు పరాయి దేశమున నున్నామను తలంపే చాలసేపు కలుగలేదు. ఊరు చేరకమునుపే ఎడమచేతివైపున కొండల వరుస యొకటి కనిపించును. దూరమునుండి చూచిన నది వెల్లకిల పరుండి నిద్రించుచున్న స్త్రీవలె నుండును. నొసలు, ముక్కు, వక్షము, నిండుగర్భము అన్నియు వేర్వేఱుగా తెలియును. అచ్చటివారు ఆ కొండను ‘డోయి నాంగ్‌నోన్’ అందురు. శయనించిన దొరసాని కొండ యని దాని యర్థము.

ఆమెనుగూర్చి యొక కథ చెప్పుదురు. రాజకుమార్తె యొకతె గుఱ్ఱపుసాల కాపరిని వలచి, గర్భవతియై, తండ్రికి వెఱచి అతనితో పాఱిపోయి ఈ గుహలో దాగినదట. ఆహారము తెత్తునని పోయిన ప్రియుడు రాజభటులచేత హతుడయ్యెను. అతడు మఱి రాడని తెలిసి ఆమె తలసూదితో పొడుచుకొని ప్రాణము విడిచెను. ఆమె మేను కొండయైనది, నెత్తురు ఏఱైనది. గుహ మొగమున ఆమెకు చిన్న గుడి కలదు. లోపలికి పోవువారు అచ్చట చేతులు జోడించి పోవుదురు.

ఆ దొరసాని కడుపులోనికే 2018వ సంవత్సరము జూన్ 23వ తేదీన 12 మంది బాలురును, వారికి కాలిబంతియాట నేర్పు 25 ఏండ్ల యువకుడును ప్రవేశించిరి. బాలురలో మిక్కిలి చిన్నవానికి 11 ఏండ్లు. వాన కురిసి, వెనుకనుండి నీరు క్రమ్మి, దారి మూసికొనిపోయెను. జూలై 2న ఇంగ్లండునుండి వచ్చిన రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ అను గజ ఈతగాండ్రు వారిని గుహలో 4 కిలోమీటర్ల దూరమున ఒక గట్టుపై కనుగొనిరి. జూలై 8, 9, 10 తేదీలలో 13 మందియు ప్రాణములతో బయటపడిరి. ఈ కథ లోకమంతయు నెఱిగినదే కావున మేము దానిని మొదటినుండి చెప్పబోము. ఆ దినములలో పత్రికలవారి పటములలోనికి అంతగా రాని సంగతి యొకటి కలదు. అది గాలి నింపిన సిలిండర్ల సంగతి. గుహను చూడబోయిన మాకు ఇంటికి తిరిగివచ్చిన పిదపకూడ మఱపురానిది ఆ సంగతియే.

మాతో మా వదినగారును, మా అక్కగారి కుమారుడును వచ్చిరి. ఈ చిన్నవాడు బ్యాంకాకులో ఉద్యోగము చేయుచు, సెలవు దినములలో కోటావు ద్వీపమునకు పోయి సముద్రగర్భమున ఈదుట నేర్చెను. ఒక సిలిండరు చాలక అనేకములు మోసికొనిపోవు లోతు ఈతలలోకూడ నతడు శిక్షణ పొందెను. వాని తల్లికి ఇది ఇష్టము లేదు. మాకును లేదుగాని, ఆనాడు వాడు లేకున్నచో గుహను చూచియు చూడనివారమే అయ్యెడివారము.

యాత్రికులను పోనిచ్చు మొదటి సాల మిగుల విశాలమైనది. బొఱ్ఱా గుహలను చూచినవారికి ఆ ఎత్తైన కప్పు, ఆ సున్నపురాతి నిగారింపు, ఆ చల్లని తేమగాలి క్రొత్తకావు. భేదమెక్కడ ననగా, మొత్తము సుమారు 10 కిలోమీటర్లు సాగిన ఈ గుహలో దారి లోపలికి పోనుపోను సన్నగిలుచు, ఎక్కుచు దిగుచు పోవును. దిగినచోటనెల్ల వానకాలమున నీరు నిలుచును. అనగా ఒక గది నీరు, ఒక గది గాలి, మరల నీరు. ఇఱుకైన యొకచోట సందు 38 సెంటిమీటర్లేయని ఆనాడు తెలిపిరి. మా వదినగారు తన చేతిసంచిని అడ్డముగా పట్టి కొలుచుకొని, ‘ఇంతేనా!’ యని నిలిచిపోయిరి. ఆ నీరును నిర్మలమైనది కాదు, బురద. అందు కన్ను తెఱచినను మూసినను ఒక్కటే. చేతికి తగులు త్రాడొక్కటే దారి.

గుహ వెలుపలి పందిరి క్రింద కొబ్బరిపాలతో బియ్యము కలిపి వెదురుబొంగులో కాల్చినది అమ్ముచుండిరి. దానిని కొని తినుచు కూర్చుండినప్పుడు చిన్నవాడు బల్లపై నీళ్ల సీసాలు వరుసగా పెట్టి మాకు పాఠము మొదలిడెను.

‘‘పిన్నీ, సాధారణమైన సిలిండరు ఖాళీగా నున్నప్పుడు 11 లీటర్ల నీరు పట్టును. అందులో యంత్రముతో గాలిని 200 రెట్లు క్రుక్కుదుము. అనగా 2200 లీటర్ల గాలి. నెమ్మదిగా ఈదువాడు నిమిషమునకు సుమారు 20 లీటర్లు పీల్చును. ఎంతసేపు వచ్చును?’’

‘‘నూటపది నిమిషములు,’’ అని వదినగారు వెంటనే చెప్పిరి. నెలసరుకుల లెక్క చేయువారికి ఇది యెంత?

‘‘అది నీటిపైన, అత్తయ్యా. 10 మీటర్లు దిగినచో నీటి ఒత్తిడివలన గాలి చిక్కనై, అదే ఊపిరికి రెట్టింపు ఖర్చగును. 55 నిమిషములే. 30 మీటర్ల లోతున నాలుగు రెట్లు. అరగంటకూడ రాదు.’’

అదియైనను మొత్తము వాడుకొనుటకు వీలులేదట. గుహలలో ఈదువారికి మూడుపాళ్ల నియమము కలదు. ఉన్న గాలిలో ఒక పాలు లోపలికి పోవుటకు, ఒక పాలు తిరిగి వచ్చుటకు. మూడవ పాలు తనది కాదు. తోడివాని సిలిండరు చెడినచో నతనికి పంచవలసిన భాగమది. మొదటి పాలు తీఱగానే, కంటిముందు ఎంత వింత యున్నను వెనుదిరుగవలెను. సముద్రములో ఆపద వచ్చినచో పైకి పోవచ్చును. గుహలో పైన రాయి. వచ్చిన దారియే దారి. ఈ నియమములకు పుట్టినిల్లు అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రపు నీటిగుహలు. అచ్చటి షెక్ ఎక్స్‌లీ అను ఈతగాడు గుహలలో మరణించినవారి ఉదంతములను పరిశీలించి, వారు ఏయే తప్పిదములవలన చనిపోయిరో విడదీసి, 1979లో చిన్న పుస్తకము ప్రకటించెను. త్రాడు విడచుట, గాలిలో రెండుపాళ్లు తిరుగుదారికి మిగుల్చుకొనకపోవుట, మితిమీఱిన లోతునకు పోవుట, ఇవియే ముఖ్యకారణములని తేల్చెను. అంతటివాడును 1994లో మెక్సికో దేశమున ఒక లోతైన నీటిబిలములో దిగి మరణించెను. ఫ్లారిడా గుహల మొగముల నీటిలోపల కొడవలి పట్టిన మృత్యుదేవత బొమ్మతో, ఇంతకుమించి పోవలదని పలకలు నాటియుందురట. మన ఊళ్లలో ఊబిబావులవద్దకూడ అట్టిది యొకటి నాటిన బాగుండునని వదినగారనిరి.

ఇప్పుడు లెక్క చూడుడు. సిలిండరు గంటసేపు వచ్చును, అందులో మూడవవంతే ముందునకు పోవుటకు. బాలురున్న చోటికి పోవుటకు ఆఱేసి గంటలు, వచ్చుటకు అయిదేసి గంటలు మొదట పట్టుచుండెను. దారియంతయు నీరు కాదు. నడిమి గదులలో లేచి నడువవచ్చును. అయినను ఒకటి రెండు సిలిండర్లతో తీఱు ప్రయాణము కాదు. కావున దారిలో అక్కడక్కడ సిలిండర్లను ముందుగానే ఉంచి రావలెను. పూర్వము కాశీయాత్ర చేయువారు మజిలీ మజిలీకి బియ్యము, పప్పు చేర్చుకొనినట్లే. అయితే ఇందొక చిక్కు కలదు. గడ్డిబండి తోలుకొనిపోవు ఎద్దు ఆ గడ్డినే మేయును గదా! గాలిని మోసికొనిపోవువాడు దానికై గాలిని పీల్చవలెను. నాలుగు సిలిండర్లు లోపల నిలుపవలెనన్న అంతకు ఎక్కువ ఖర్చగును. ఎంత దూరమైన నంత ఎక్కువ. అందుచేతనే ఆ గుహకొఱకు 700లకు మించిన సిలిండర్లు వాడుకలో నుండెను. ఏ సమయమునందు చూచినను 500లకు పైగా లోపల, 200లు నింపుడునకై బయట వరుసలో నుండినవట.

నింపుట యనినది కూడ పొయ్యిమీద పాలు పెట్టినంత జాగ్రత్తతో చేయవలసిన పని. గాలికొట్టు యంత్రమునకు నూనె యింజను పొగ సోకరాదు. పొగలోని విషవాయువు సిలిండరులో చేరినచో, పైన అపాయము చేయని కొంచెమే లోతున ప్రాణము తీయగలదు. తేమను వడగట్టవలెను. నింపినది వేడిగా నుండును. చల్లారిన పిదప ఒత్తిడి తగ్గును. కావున చల్లార్చి మరల కొలువవలెను. వేడి అన్నముతో కుంచము నిండినదని మురిసినట్లు మురియరాదని చిన్నవాడనగా మేము నవ్వితిమి.

అటుపిమ్మట చిన్నవాడు చెప్పినది మా గుండెను కొంచెము గట్టిగా తాకెను. అదనపు సిలిండర్లలో నుండునది ఎల్లప్పుడు మామూలు గాలి కాదు. లోతునుండి పైకి వచ్చునప్పుడు రక్తములో కరగిన నత్రజనిని వెడలగొట్టుటకై ప్రాణవాయువు పాలు హెచ్చించిన సిలిండర్లను వెంట తీసికొందురు. వీనికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క లోతు హద్దు. శుద్ధ ప్రాణవాయువును 6 మీటర్లకు దిగువను పీల్చరాదు. సగము ప్రాణవాయువు కలదానిని 21 మీటర్లకు దిగువను పీల్చరాదు. హద్దు మీఱినచో ప్రాణవాయువే విషమై, మూర్ఛ వచ్చి, నోటిగొట్టము జాఱి నీటిలో ప్రాణము పోవును. జీవము నిలుపు వస్తువే జీవము తీయుట వైద్యుల యిండ్లలో మనమెఱుగనిది కాదుగాని, ఇక్కడ ఆ భేదము ఒక చీటిలో నుండును. సిలిండర్లన్నియు చూపునకు ఒక్కటే. వానిపై ఆ హద్దు ఎన్ని మీటర్లో పెద్ద అంకెలతో వ్రాసి, తనకును తోడివానికిని కనబడునట్లు అంటింతురు. లోపలి వాయువును ఎవరో పరీక్షించిరను మాట చెల్లదు. దిగబోవువాడే తన చేతితో పరీక్షించి, పాళ్లు, తేదీ, పేరు వ్రాసికొనవలెను.

నీటిలో ఒక సిలిండరునుండి మఱియొకదానికి మాఱునప్పుడు చేయు తంతు వినుడు. మొదట చీటి చదువును. తానున్న లోతు చూచును. తోడివానికి చూపును. నోటిగొట్టమును చేత పట్టి, దాని వెంబడి వ్రేళ్లు జాఱ్చుచు సిలిండరు మెడవఱకు పోయి, ఇది ఆ సిలిండరుదే యని నిశ్చయించుకొనును. మర త్రిప్పును. ఒత్తిడి ముల్లును చూచుచునే మొదటి ఊపిరి పీల్చును. ముల్లు పడిపోయినచో మర తెఱచుకొనలేదని గుర్తు. వాడుకలో లేని సిలిండరు మర ఎల్లప్పుడు కట్టియుండవలెను. లేనిచో గొట్టమునుండి గాలి బుడగలై పోవును, వానికే తెలియదు. చిన్నవాడు ఈ తంతును నాలుగుసార్లు గాలిలో చేతులతో చేసి చూపెను. వంటయింట ఉప్పు, పటికలపొడి ఒకేవిధమగు డబ్బాలలో నుంచి, చీటి లేక, చీకటిలో తీయు అలవాటు గల మా యింటివారొకరు మాకు జ్ఞప్తికి వచ్చిరి. పేరు చెప్పము.

సిలిండర్లలో ఉక్కువి, అల్యూమినియమువి యని రెండు తెగలు. దారిలో దింపునట్టివి సాధారణముగా అల్యూమినియమువి. గట్టుమీద మోయుటకు బరువే, నీటిలో మాత్రము ప్రక్కన వ్రేలాడగట్టినచో ఇంచుమించు తేలికగా నుండును. గాలి ఖర్చైనకొలది తేలబాఱి అడుగు పైకెత్తును. అప్పుడు కొక్కెమును సవరించుకొనవలెను. గుహలో వానిని ఇష్టమువచ్చినచోట పడవేయరాదు. దారిత్రాటికే కొక్కెముతో తగిలింపవలెను. ఏలన, తిరిగి వచ్చువేళ బురదనీటిలో కన్ను పనిచేయదు. త్రాడు పట్టుకొని వచ్చుచున్న చేతికే సిలిండరు తగులవలెను. ఎన్ని నిలిపిరి, ఎక్కడెక్కడ నిలిపిరి, ఎన్నింటిలో ఎంత మిగిలినది అను లెక్క బయట నొకచోట నుండవలెను. లెక్క తప్పినచో, ఉన్నదనుకొన్న ఊపిరి అక్కడ నుండదు.

ఈ విద్య పురుషులదే యని మన సోదరీమణులు తలంపవలదు. కెనడా దేశపు జిల్ హైనెర్త్ అను స్త్రీ గుహలలో ఈదుటయందు లోకప్రసిద్ధురాలు. అంటార్కిటికాలోని మంచుకొండల లోపలి గుహలలోకూడ ఆమె ఈదివచ్చెను. థాంలువాంగులో లోపలికి ఈదినవారుమాత్రము పురుషులే.

గుహకెదురుగా కంచువిగ్రహ మొకటి కలదు. కాళ్లచుట్టు 13 అడవిపందుల బొమ్మలుండును. బాలుర జట్టుపేరు ‘అడవిపందులు’. విగ్రహము సమన్ కుణన్ అను వానిది. ఆయన థాయి నావికాదళములో గజ ఈతగాడుగా నుండి, కొలువు విడిచి, బ్యాంకాకు చెంతనున్న సువర్ణభూమి విమానాశ్రయమున పని చేయుచుండెను. బాలుర సంగతి విని తానై వచ్చెను. జూలై 5 రాత్రి సిలిండర్లను లోపల నిలుపుటకై నీట దిగెను. నిలిపెను. తిరిగి వచ్చు దారిలో స్పృహ తప్పెను. తోడివాడు ఎంత ప్రయత్నించినను ఫలింపలేదు. 6వ తేదీ తెల్లవాఱకమునుపే ఆయన మరణించెను. ఇతరులకు ఊపిరి ఉంచివచ్చినవాడు ఊపిరాడక పోయెనని చెప్పుటకు మాకు నోరు రాలేదు. చిన్నవాడు చెప్పగా విని ఊరకుంటిమి. ఆయనకు భార్య కలదు. విగ్రహము పాదములకడ ఎవరో తాజా పూలదండలు పెట్టియుండిరి.

నావికాదళమువారు సముద్రమున పనికై శిక్షణ పొందినవారు. ఇఱుకు గుహలో బురదనీట ఈదుట వేఱు విద్య. అది తెలిసియు వారు మానలేదు. వారిలో ముగ్గురును, ఒక వైద్యుడును బాలురతోకూడ ఆ గట్టుమీదనే కడవఱకు కూర్చుండిరి. గట్టుమీది గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లుండవలసినది 15 పాళ్లకు తగ్గెను. వానకాలము గడచువఱకు నాలుగు నెలలు లోపలనే పోషింతమను ఆలోచన దీనితో అణగిపోయెను.

ఈత రాని బాలుని, పెద్దలే ప్రాణము కోల్పోయిన దారిన ఎట్లు తెచ్చుట? భయపడి కొట్టుకొనినచో వానితో తెచ్చువాడును పోవును. కావున ఆస్ట్రేలియానుండి వచ్చిన మత్తుమందు వైద్యుడు రిచర్డ్ హారిస్, తానును గుహల ఈతగాడే కావున, లోపలికి పోయి బాలురకు మత్తునిచ్చి నిద్రబుచ్చెను. మొగమంతయు కప్పు తొడుగు తొడిగి, ఛాతీకి ముందువైపున సిలిండరు కట్టి, చేతులు వెనుకకు కట్టి, ఒక్కొక్కని ఒక్కొక్క ఈతగాడు మూటవలె మోసికొనివచ్చెను. ఆ సిలిండరులో ప్రాణవాయువు నూటికి 80 పాళ్లు. అట్టి దానికి హద్దు 10 మీటర్లే. థాంలువాంగు నీరు దూరమేగాని అంతటి లోతు కాదు, కావున చెల్లెను. మఱియొక గుహయైనచో ఆ సిలిండరే యముడగును. మత్తులో నున్న బాలుడు తన ముల్లును తాను చూచుకొనలేడు. తెచ్చువాడు తన ఊపిరిని, వాని ఊపిరిని రెండింటిని లెక్కించుకొనవలెను. మత్తు విడిపోవుచున్నచో దారిలోనే నీటి గట్టున నిలిపి మరల సూదిమందు వేయవలెను.

దారినడుమ గదులలో డెన్మార్కు, ఫిన్లాండు, కెనడా దేశముల ఈతగాండ్రు నిలిచి, వచ్చిన బాలుని తొడుగు సరిచూచి, అవసరమైనచో సిలిండరు మార్చి పంపుచుండిరి. వీరిలో కొందఱు థాయిలాండులోనే ఈత నేర్పు గురువులు. గంటలకొలది చీకటిలో, చలినీట కూర్చుండి, ఒక బాలుడు వచ్చినప్పుడు కొద్ది నిమిషములు పని చేసి, మరల ఎదురు చూచుట. పురిటిగది వెలుపల నిలిచినవారికి ఆ ఎదురుచూపు కొంత తెలియును.

ముందుగా రెండు అభ్యాసములు జరిపిరి. ఒకటి దగ్గఱి బడి ఈతకొలనులో. ఆ ఊరి బాలురకు తొడుగులు తొడిగి, నీట ముంచి, ఈడ్చి చూచిరి. తమ బిడ్డలను అట్లు ముంచనిచ్చిన తల్లులనుగూర్చి ఎవరును వ్రాయలేదు. రెండవది గుహ వెలుపలి బండ్లు నిలుపు మైదానమున. కుర్చీలు పెట్టి గదులనిరి, త్రాళ్లు పఱచి దారియనిరి, నీళ్ల సీసాలకు రంగు పట్టీలు చుట్టి బాలురనియు సిలిండర్లనియు అనిరి. ఎవరు ఏ సీసాను ఎక్కడినుండి ఎక్కడికి చేర్పవలెనో నడచి నడచి నేర్చిరి. మా బల్లపై చిన్నవాడు సీసాలు వరుసపెట్టినప్పుడు వానికి జ్ఞప్తియందున్నది ఇదియేనట.

8వ తేదీ నలుగురు వచ్చిరి. లోకమంతయు తక్కినవారినికూడ వెంటనే తెండని తొందరపడుచుండగా, పాలనాధికారి నరోంగ్‌సక్ ఒసొత్తనకొర్న్, దారిలో నిలిపిన సిలిండర్లన్నియు ఖర్చైనవి, మరల నిలుపుటకు కనీసము 10 గంటలు కావలెనని ప్రకటించెను. తల్లుల విషయము తలంచుడు. ఎవరి బిడ్డ వచ్చెనో వారికి చెప్పలేదు. అందఱు వచ్చువఱకు పేళ్లు బయటపెట్టరాదని నిర్ణయము. ఆ రాత్రి పది గంటలు గాలి మూటలు మోయువారికొఱకు ఎదురు చూచిన రాత్రి. తొందరపడక, లెక్క పూర్తియైనదాక ఒక్కనినికూడ నీట దింపకుండుటయే ఆ మూడు దినములలో జరిగిన పనులన్నింటిలో కష్టమైనదని మా యభిప్రాయము. చిన్నవాడుమాత్రము మత్తిచ్చుటయే కష్టమనెను. 9న నలుగురు, 10న అయిదుగురు వచ్చిరి.

నీరు తోడుటలో మన దేశపు కిర్లోస్కరు సంస్థ నిపుణులును సలహా లిచ్చిరని తెలిసి సంతసించితిమి. వంద కోట్ల లీటర్లకు మించిన నీరు తోడి బయట వదలిరి. అది చుట్టుప్రక్కల నాట్లు వేసిన చేలను ముంచెను. ఒక రైతుస్త్రీ గుహవద్ద అయిదు దినములు సహాయము చేసి ఇంటికి పోయి చూచునప్పటికి తన పొలమే చెఱువై యుండెను. వరి మరల నాటవచ్చును, బిడ్డలను నాటలేమని తలంచి ఊరకుండినదట. నష్టపరిహారము వలదన్న రైతులును కలరు. ఊరి స్త్రీలు వేలమందికి వండి పెట్టిరి. బట్టలుతుకు అంగడి నడుపు ఒకామె ప్రతిరాత్రి సహాయకుల బురదబట్టలు తీసికొనిపోయి, ఉతికి, ఆఱవైచి, తెల్లవాఱునప్పటికి తెచ్చి యిచ్చుచుండెను. లోపలి బాలురలో ఒకనికి జూన్ 23 పుట్టినదినము. వాని తలిదండ్రులు ఆ దినమున తెచ్చిన కేకును కోయక దాచి, వానికొఱకు ఎదురు చూచిరి.

చివరి బాలుడును, ఆ నలుగురు కాపరులును బయటపడుచున్న వేళకు నీరు తోడు ముఖ్యయంత్రము ఆగిపోయి లోపల నీరు పెరుగజొచ్చెను. ఇంకను మూడవ సాలలో పని చేయుచున్నవారు ఉన్నవి ఉన్నట్లు విడిచి పరుగున వచ్చిరి. దారిత్రాళ్లు, గొట్టములు, సిలిండర్లు చాలకాలము లోపలనే పడియుండెను.

ఆ పనిలో పాల్గొన్న బైరూట్ పక్‌బరా అను నావికుడు, అప్పుడు సోకిన రక్తదోషముతో బాధపడి, 2019 డిసెంబరులో మరణించెను. పాలనాధికారి నరోంగ్‌సక్ 2023లో వ్యాధితో పోయెను. బాలుర నాయకుడు దువాంగ్‌పేట్ ప్రోమ్‌థేప్ ఇంగ్లండులో చదువుకొనుటకు పోయి, అదే సంవత్సరము ఫిబ్రవరిలో అచ్చటనే కన్నుమూసెను. ఈ చివరి వార్త విన్నప్పుడు మా వదినగారు తినుచున్న వెదురుబొంగు ప్రక్కన పెట్టిరి.

పోదలచువారికి రెండు మాటలు. వానకాలమున గుహలోపలికి పోనీయరు. శీతకాలమే తగినది. పాదములకు పట్టుగల చెప్పులు వేసికొనవలెను, చీరకుచ్చెళ్లు పైకి దోపుకొనవలెను. శాకాహారులు అంగళ్లలో ‘జే’ అను మాట చెప్పిన చాలును, మాంసము చేప లేని భోజనము పెట్టుదురు. మేము తిరిగి వచ్చునప్పుడు ఆ కొండక్రింది చేలలో కోతలు ముగియుచుండెను. పందిరిలోని ముసలమ్మ మా బల్లపై మిగిలిన సీసాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూచి, నీరున్నవానిని ఒక ప్రక్కకు, ఖాళీవానిని మఱియొక ప్రక్కకు చేర్చుచుండెను.